ఊళ్లో ఓఎల్‌టీ గదికి ఇంటి ఇన్వర్టర్ సరిపోతుందా? బ్యాటరీ కొనే ముందు ఎర్తింగ్ చూసుకోండి

పరకాల దగ్గరి ఊరి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మేడ మీది రేకుల గదిలో 8 పోర్టుల ఓఎల్‌టీ (ఫైబర్ మీద ఇళ్లన్నింటికీ నెట్ పంచే పెట్టె), ఒక స్విచ్, ఒక రౌటర్ పెట్టి చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఫైబర్ నెట్ ఇవ్వాలనుకుంటున్నారు. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్‌తో, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో పని గడుస్తుందా, లేక 48 వోల్టుల డీసీ పవర్ ప్లాంటే (లైన్ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీతో కలిపి ఇచ్చే సెట్టు) పెట్టాలా? ఇంటికి ఎర్తింగ్ ఎలాగూ ఉంది కదా, వేరేది ఎందుకు?

జవాబు ముందే చెప్తాను. ఓఎల్‌టీని ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టొద్దు. చిన్నదైనా సరే 48 వోల్టుల డీసీ పవర్ ప్లాంటే పెట్టండి. అంతకంటే ముందు ఎర్తింగ్ పని పూర్తి చేయండి, గదిని మేడ మీది నుంచి కిందికి తెండి. డబ్బులు చాలకపోతే బ్యాటరీ చిన్నది కొనండి, ఏడాది తర్వాత పెంచుకోవచ్చు. కానీ ర్యాక్ బిగించి, నాలుగు ఊళ్లకు లైన్లు ఇచ్చాక ఎర్త్ గుంత తవ్వాలంటే ఎంత కష్టమో నేను చాలాసార్లు చూశాను. అప్పటికి వాకిట్లో సిమెంటు పోసి ఉంటారు, పక్కింటివాళ్లు ప్రహరీ కట్టి ఉంటారు, గడ్డపార దింపడానికి జాగా ఉండదు.

నేను హనుమకొండలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేశాను: మొదట టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పవర్ ప్లాంట్లు, తర్వాత టవర్ సైట్లలో ఎర్తింగ్, బ్యాటరీలు, రెక్టిఫయర్లు (ఏసీని డీసీగా మార్చేవి) బిగించడం. జనగామ నుంచి ఏటూరునాగారం దాకా, అటు మంథని, మంచిర్యాల దాకా తిరిగాను. ఇక్కడ రాసేదంతా ఆ పనిలో తెలిసిందే.

మొదట ఇన్వర్టర్ సంగతి. ఓఎల్‌టీ లోపల నడిచేదంతా డీసీ మీదే. మీరనుకున్న పద్ధతిలో లైన్ నుంచి వచ్చిన ఏసీ బ్యాటరీలోకి డీసీగా వెళ్తుంది, బ్యాటరీ నుంచి మళ్లీ ఏసీ అవుతుంది, ఓఎల్‌టీ లోపలి పవర్ కార్డులో (కరెంటు తీసుకునే బోర్డులో) మళ్లీ డీసీ అవుతుంది. మారిన ప్రతిసారీ కొంత కరెంటు వేడిగా పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆ మారే క్షణంలో ఉంది. కరెంటు పోగానే ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఫ్యాన్ కోసం చేసిన మోడ్‌లో ఇంకాస్త ఎక్కువే. ఫ్యానుకు, బల్బుకు ఆ ఖాళీ తెలియదు. ఓఎల్‌టీకి తెలిసిందంటే రీస్టార్ట్ అవుతుంది. అది లేచి, ఇళ్లలోని ఓఎన్‌టీలన్నీ (ఫైబర్ మోడెమ్ పెట్టెలు) మళ్లీ రిజిస్టర్ అయ్యేసరికి కొన్ని నిమిషాలు గడిచిపోతాయి. గాలిదుమారం వచ్చిన సాయంత్రం కరెంటు పదిసార్లు పోయి వస్తే, మీ ఫోన్ ఆ రాత్రంతా మోగుతూనే ఉంటుంది.

డీసీ ప్లాంటులో ఈ మారడమే లేదు. రెక్టిఫయర్, బ్యాటరీ, ఓఎల్‌టీ మూడూ ఒకే బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) మీద ఎప్పుడూ కలిసే ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపు రెక్టిఫయర్ 54 వోల్టుల దగ్గర నిలబడి లోడు మోస్తూ బ్యాటరీని నిండుగా ఉంచుతుంది. కరెంటు పోయిన క్షణాన బ్యాటరీ అప్పటికే లోడుకు కలిసి ఉంది కాబట్టి ఓఎల్‌టీకి ఏ తేడా తెలియదు.

మన ఊళ్ల లైన్లకు ఇంకో జబ్బు ఉంది. పొలాల మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళల్లో చివరి ఇళ్లకు 160, 170 వోల్టులే అందడం నేనే మీటర్ పెట్టి చూశాను. దానికి తిరగబడితే ఇంకా ప్రమాదం: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇళ్లకు 230 బదులు 350, 400 వోల్టుల దాకా రావచ్చు. ఒక్క రాత్రిలో వీధి మొత్తం టీవీలు, సెట్‌టాప్ బాక్సులు మాడిపోయిన ఊరికి మర్నాడు పొద్దున వెళ్లాను. అదే వీధిలోని మా సైట్లో రెక్టిఫయర్ ఎక్కువ వోల్టేజీ చూసి ఆగిపోయింది, రాత్రంతా లోడు బ్యాటరీ మీద నడిచింది, పొద్దున మళ్లీ తనే లేచింది. టెలికం పని కోసం చేసిన మంచి ఎస్ఎంపీఎస్ మాడ్యూళ్లు (రెక్టిఫయర్లే) సుమారు 90 నుంచి 300 వోల్టుల మధ్య పనిచేసేలా ఉంటాయి. కొనేటప్పుడు ఆ హద్దులు లేబుల్ మీద చదివి మరీ తీసుకోండి.

ఓఎల్‌టీ ఆర్డర్ ఇచ్చేటప్పుడే మైనస్ 48 వోల్టుల డీసీ పవర్ కార్డుతో కావాలని చెప్పండి. స్విచ్, రౌటర్ కూడా అంతే. ఒక్క పరికరం ఏసీది వచ్చినా దానికోసం మళ్లీ ఓ చిన్న ఇన్వర్టర్ పెట్టాల్సి వస్తుంది, పాత కథే మొదలవుతుంది.

మైనస్ 48 ఎందుకని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. పాత టెలిఫోన్ రోజుల్లో రాగి కేబుళ్లు తడి నేలలో ఉండేవి. తీగ నేల కంటే ప్లస్‌లో ఉంటే ఆ తడిలో రాగి కరిగి అరిగిపోతుంది, మైనస్‌లో ఉంటే నిలుస్తుంది. అందుకని ప్లస్‌ను ఎర్త్ చేసి, మైనస్‌ను లైన్‌గా వాడారు. ఆ పద్ధతే టవర్లకూ, ఫైబర్ పరికరాలకూ వచ్చింది. మీకు దీంతో పని ఎక్కడంటే, బైకులు, కార్లు చూసిన ఎలక్ట్రీషియన్ మైనస్‌నే బాడీకి కడతాడు. ఇక్కడ ప్లస్ ఎర్త్ బార్‌కు (ఎర్త్ తీగలన్నీ కలిసే రాగి పట్టీకి) వెళ్తుంది. వైరు రంగు చూసి కలపొద్దు. మా సైట్లలో నీలం మైనస్, ఎరుపు ప్లస్. ఏసీ అలవాటున్న ఎలక్ట్రీషియన్‌కు ఎరుపంటే ఫేజ్. ప్రతి చివరా మీటర్ పెట్టి చూసి, లేబుల్ అంటించాకే బ్రేకర్ ఎత్తాలి.

ఎంత ప్లాంటు కావాలో లెక్క చూద్దాం. మీ మూడు పరికరాలూ కలిపి 300 వాట్లు అనుకుందాం (అసలు అంకె డేటాషీట్‌లో గరిష్ఠం అన్న చోట చూడండి). 300ను 48తో భాగిస్తే 6.25 ఆంపియర్లు. రేపు ఇంకో కార్డు పెరుగుతుందని 8 ఆంపియర్లు పట్టుకోండి. 8 గంటలు నిలవాలంటే 64 ఏహెచ్. బ్యాటరీని అడుగంటా పిండకుండా 80 శాతమే వాడితే 80 ఏహెచ్ అవుతుంది. రెండు మూడేళ్లలో దాని బలం తగ్గుతుందని ఇంకాస్త వేసుకుంటే 100 ఏహెచ్, 48 వోల్టుల బ్యాంక్. రెక్టిఫయర్ లోడుకు 8, బ్యాటరీ చార్జింగ్‌కు దాని సామర్థ్యంలో పదో వంతు అంటే 10, మొత్తం 18 ఆంపియర్లు మోయాలి. 30 ఆంపియర్ల మాడ్యూళ్లు రెండు పెట్టండి. ఒక్కటే చాలు, కానీ అది పోయిన రోజున రెండోది మోస్తుంది, మీరు నింపాదిగా మార్పించుకోవచ్చు. ఒకే పెద్ద మాడ్యూల్ కొంటే ఈ వెసులుబాటు ఉండదు.

ఇక ఎర్తింగ్. ఇక్కడ తొందరపడకుండా చదవండి, ఎందుకంటే నా అనుభవంలో పరికరాలు పోయిన పది కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వచ్చాయి.

అందరూ ‘ఎన్ని ఓమ్‌లు వచ్చింది’ అని అడుగుతారు. ఒక ఓమ్ కంటే తక్కువ వస్తే సంతోషిస్తారు. ఆ అంకె అవసరమే, కాదనను. కానీ పిడుగు నుంచి మీ ఓఎల్‌టీని కాపాడేది తక్కువ ఓమ్ మాత్రమే కాదు, గదిలో ఉన్న లోహమంతా ఒకే ఎర్త్ బార్‌కు కలిసి ఉండటం. ఎందుకో లెక్కతో చెప్తాను. మామూలు పిడుగులో 20, 30 వేల ఆంపియర్లు ఉంటాయి. మీ గుంత ఒక్క ఓమే అనుకున్నా 20 వేల ఆంపియర్లు దాంట్లోకి దిగితే ఆ గుంత 20 వేల వోల్టులకు లేస్తుంది. దాన్ని ఆపలేం. కానీ ర్యాక్, బ్యాటరీ ప్లస్, రెక్టిఫయర్ బాడీ, ఏసీ ఎర్త్, ఫైబర్ కేబుల్ కవచం అన్నీ ఒకే బార్‌కు కట్టి ఉంటే అన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. వాటి మధ్య తేడా ఉండదు కాబట్టి పరికరంలోంచి కరెంటు దూకదు. రెండు గుంతలు వేరువేరుగా ఉంటే ఒకటి 20 వేలకు లేస్తుంది, రెండోది సున్నా దగ్గరే ఉంటుంది. ఆ తేడా అంతా మీ ఓఎల్‌టీ లోపలి నుంచే దారి వెతుక్కుంటుంది.

భూపాలపల్లి వైపు ఒక సైట్లో సరిగ్గా ఇదే జరిగింది. మేడ మీద పోల్, దానికి పిడుగు తీగ, దాని గుంత ఒకవైపు. పరికరాల గుంత ఎనిమిది మీటర్ల అవతల. ఒకటి 2 ఓమ్‌లు, ఇంకోటి 3 ఓమ్‌లు, రెండూ మంచివే. ‘పిడుగు ఎర్త్‌ను మెషిన్ ఎర్త్‌తో కలపొద్దు, పిడుగు మెషిన్లోకి వస్తుంది’ అని యజమాని పట్టుబట్టాడు. మన దగ్గర ఈ నమ్మకం చాలా గట్టిగా ఉంది, చదువుకున్న ఎలక్ట్రీషియన్లు కూడా చెప్తారు. మే నెలలో ఒక సాయంత్రం పిడుగు పడింది. రౌటర్ పోర్టులు, ఒక రెక్టిఫయర్ పోయాయి, కేబుల్ ట్రేకూ ర్యాక్‌కూ మధ్య గోడ మీద నల్లటి మచ్చ పడింది. మేం చేసిందల్లా ఆ రెండు గుంతల మధ్య ఎనిమిది మీటర్ల జీఐ స్ట్రిప్ (జింకు పూసిన ఇనుప పట్టీ) వేసి కలపడం, గదిలో ఒకే రాగి బార్ పెట్టడం, ఏసీ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసిన వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది) బిగించడం. మరుసటి వేసవిలో అక్కడే మళ్లీ పిడుగు పడింది. సర్జ్ ప్రొటెక్టర్ కార్ట్రిడ్జ్ ఒక్కటి పోయి, దాని గుర్తు ఎర్రబడింది. సైట్ ఆగలేదు.

ఎర్త్ తీగను నీటుగా కనబడాలని గోడ మూలల్లో చతురస్రంగా వంచుతారు, మిగిలితే చుట్ట చుట్టి పెడతారు. రెండూ తప్పే. పిడుగు కరెంటు చాలా వేగంగా పెరుగుతుంది. ఆ వేగానికి తిన్నటి తీగలోనే మీటరుకు కొన్ని వేల వోల్టులు నిలుస్తాయి, చుట్ట అయితే ఇంకా ఎక్కువ. పొట్టిగా, తిన్నగా, వంపు తప్పనిచోట విల్లులా వంచి కిందికి దింపండి. మిగిలిన తీగ కోసేయండి.

ఫైబర్‌కు పిడుగు రాదు అనుకోకండి. గాజుకు రాదు, నిజమే. కానీ స్తంభాల మీద లాగే ఆర్మర్డ్ కేబుల్‌లో ఉక్కు కవచం ఉంటుంది, కొన్నింట్లో కేబుల్‌ను మోసే మెసెంజర్ తీగ ఉంటుంది. ములుగు దాటాక ఒక ఊళ్లో పిడుగు తాటిచెట్టు మీద పడి, పక్క స్తంభం మీది కేబుల్ కవచంలోకి దూకి, అర కిలోమీటరు వచ్చి, ర్యాక్ లోపల కట్టిన చోట నుంచి స్విచ్‌లోకి వెళ్లింది. కేబుల్ గది గోడ దాటే చోటే కవచం కోసి, క్లాంపుతో ఎర్త్ బార్‌కు కట్టాలి. అక్కడి నుంచి ర్యాక్ దాకా కవచం లేని కేబుల్ వెళ్లాలి. పది నిమిషాల పని, కానీ చాలా చోట్ల స్ప్లైసింగ్‌కు (ఫైబర్ అతికించడానికి) వచ్చినవాళ్లు ఇది తమ పని కాదనుకుంటారు, పవర్ వాళ్లు ఫైబర్ వాళ్లదనుకుంటారు. మీరే దగ్గరుండి చేయించండి.

ఇప్పుడు మన నేల గురించి. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి, ఏకశిలానగరం అని పేరు ఊరికే రాలేదు. హనుమకొండ, కాజీపేట చుట్టూ గ్రానైట్ చాలా చోట్ల రెండు మూడు అడుగుల్లోనే తగులుతుంది. హసన్‌పర్తి అవతల గుట్ట పక్కన ఒక సైట్లో మూడు గుంతలు తవ్వాం. మూడింట్లోనూ ఐదో అడుగు దగ్గర రాయి. ఉప్పు, బొగ్గు, బెంటోనైట్ (తడి పట్టి ఉంచే బంకమన్ను) ఎన్ని పోసినా 18 ఓమ్‌ల కంటే దిగలేదు. లోతుకు పోలేనప్పుడు అడ్డంగా పోవాలి. దిగువన ఉన్న చెలక వైపు నలభై మీటర్ల కాలువ రెండున్నర అడుగుల లోతున తీసి, జీఐ స్ట్రిప్ పరిచి, మంచి మట్టి కప్పి, పాత వ్యవసాయ బావి గట్టు దగ్గర చివరి రాడ్ దింపాం. 4 ఓమ్‌లకు వచ్చింది. రాయి మీద రాయి తవ్వుతూ డబ్బులు పోసే బదులు, నీరు ఎటు నిలుస్తుందో ఊళ్లో ఓ పెద్దమనిషిని అడిగితే ఎర్త్ ఎటు దొరుకుతుందో తెలిసిపోతుంది. ఇల్లు కొత్తగా కడుతున్నవాళ్లకైతే ఇంకో దారి ఉంది: పునాదిలోని కాలమ్ కడ్డీలకు ఒక స్ట్రిప్ వెల్డింగ్ చేసి బయటికి తీసి ఉంచుకోవడం. నేలలో ఉన్న కాంక్రీటు తడి పట్టి ఉంచుతుంది, రాతి నేలలో అది మంచి ఎర్త్ ఇస్తుంది.

మీ పరకాల వైపు పత్తి చేలలో నల్లరేగడి ఎక్కువ కాబట్టి మీకు కష్టం వేరే రకం. వానాకాలంలో ఆ నేల బ్రహ్మాండంగా ఉంటుంది. ఆగస్టులో 2 ఓమ్‌లు చూపించిన గుంత ఏప్రిల్‌లో 11 చూపించింది. ఎండకు రేగడి పగిలి రాడ్ చుట్టూ వేలు పట్టేంత సందు ఏర్పడుతుంది, రాడ్ నేలను తాకదు. దానికి మందు ఏంటంటే రాడ్ చుట్టూ రేగడిని తిరిగి నింపకుండా బెంటోనైట్ నింపడం, మూడు మీటర్ల రాడ్లు రెండు లేదా మూడు ఆరేసి మీటర్ల దూరంలో దింపి కలపడం, గుంతకు మూత, నీళ్లు పోసే గొట్టం పెట్టడం. దగ్గర దగ్గరగా రాడ్లు దింపితే ఒకదాని నేలనే ఇంకోటి వాడుకుంటుంది, ఖర్చు తప్ప లాభం ఉండదు. ఉప్పు మాత్రం ఇప్పుడు నేను పోయించను. మొదటి రెండేళ్లు అంకె బాగుంటుంది, తర్వాత జీఐని తినేస్తుంది, వానకు కరిగి పోతుంది కూడా.

కొలవడం ఎర్త్ టెస్టర్‌తోనే, అదీ ఎండాకాలంలోనే. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి, వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనే పద్ధతి ఇంకా నడుస్తోంది. 100 వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధమే 529 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లున్నా దానికి 210 వోల్టులు అందుతాయి, బ్రహ్మాండంగా వెలుగుతుంది. పైగా ప్రాణాపాయం. మూడు రాడ్ల ఎర్త్ టెస్టర్ అద్దెకు దొరుకుతుంది. గుంతను మిగతా వాటి నుంచి విప్పి, కరెంటు మేకును 30 మీటర్ల దూరాన, వోల్టేజీ మేకును అదే గీతలో 62 శాతం దగ్గర అంటే దాదాపు 18, 19 మీటర్ల దగ్గర కొట్టి రీడింగ్ తీయాలి. వోల్టేజీ మేకును ఓ రెండు మీటర్లు ముందుకు, వెనక్కు జరిపి చూస్తే అంకె పెద్దగా మారకూడదు. మారితే మేకులు దగ్గరైనట్టు.

మీ ఇంటి ఎర్త్ సంగతి అడిగారు. దాన్ని విప్పి పడేయొద్దు, కొత్త దానితో కలపాలి. కలిపే ముందు మీ సాకెట్లలో ఎర్త్ పిన్నుకు ఎవరైనా న్యూట్రల్ కట్టి ఉన్నారేమో చూడండి. చాలా ఇళ్లలో గుంత తవ్వే ఖర్చు తప్పించుకోవడానికి అలా కట్టేస్తారు. న్యూట్రల్ తెగిన రోజున మీ ర్యాక్ మొత్తం ఫేజ్ అవుతుంది. తాకినవాళ్ల ప్రాణం పోతుంది. ఈ ఒక్కటి చూడకుండా దయచేసి ముందుకు వెళ్లొద్దు.

గదికి వద్దాం. మేడ మీద రేకుల కింద వద్దని ఎందుకన్నానంటే, సీసం బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల లెక్కతో చెప్తారు. సగటు వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ అది సగమవుతుంది. మన మే నెల 45 డిగ్రీల ఎండలో రేకుల గది లోపల ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఐదేళ్లు రావలసిన బ్యాటరీ రెండేళ్లకే ఉబ్బిపోయి బయటికొచ్చిన సైట్లు రామగుండం వైపు చాలా చూశాను. కింది అంతస్తులో, పడమటి ఎండ పడని గది, పైన స్నానాలగది గానీ ట్యాంక్ గానీ లేనిది చూసుకోండి. ఎయిర్ కండిషనర్ పెట్టినా అది బ్యాటరీ మీద నడవదు. కరెంటు పోయిన గంటల్లో గది వేడెక్కకుండా 48 వోల్టుల ఫ్యాన్లు రెండు, ఒకటి కింద గాలి లాగేలా, ఒకటి పైన బయటికి నెట్టేలా పెట్టండి.

రెక్టిఫయర్ కంట్రోలర్‌కు ఒక టెంపరేచర్ సెన్సర్ వైరు వస్తుంది. చాలామంది దాన్ని ప్యాకెట్లోనే వదిలేస్తారు. దాన్ని బ్యాటరీ ఒంటికి అంటించాలి. వేడి పెరిగితే సెల్లుకు డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున, 24 సెల్లకు 72 మిల్లీవోల్టులు చార్జింగ్ వోల్టేజీ తగ్గాలి. అంటే 40 డిగ్రీల దగ్గర 54 కాకుండా 53 లోపే ఇవ్వాలి. సెన్సర్ లేకపోతే అది ఎండాకాలమంతా 54 ఇస్తూ బ్యాటరీని ఉడికిస్తుంది.

కిందికి తెమ్మన్నాను కదా అని నేలమట్టం మీద పెట్టకండి. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచ వాగు మోరంచపల్లిని ముంచేసింది. ఆ తర్వాత నేను పెట్టించే ప్రతి గదిలో ఊరివాళ్లు చూసిన అత్యధిక నీటిమట్టం అడిగి, దానికి ఒక అడుగు పైన దిమ్మె కట్టిస్తున్నాను. బ్యాటరీలు ఎప్పుడూ ర్యాక్ అడుగునే ఉంటాయి, అంటే మొదట మునిగేది అవే.

దగ్గర్లో జిన్నింగ్ మిల్లు ఉంటే ఇంకో జాగ్రత్త. జమ్మికుంటలో ఒక సైట్ నవంబర్ నుంచి మార్చి దాకా తరచూ హీట్ అలారం ఇచ్చేది. ఫిల్టర్ విప్పితే దుప్పటిలా దూది. సీజన్‌లో పది రోజులకోసారి దులపడం మొదలుపెట్టాక అలారం ఆగింది. ఎలుకల కోసం కేబుల్ రంధ్రాలన్నీ మూసేయండి, ఒక్క పెన్సిల్ పట్టే సందు కూడా వదలొద్దు.

వైర్ల మందం విషయంలో ఏసీ అలవాటు మోసం చేస్తుంది. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) తీగతో ఓఎల్‌టీకి పది మీటర్ల దూరం లాగి 10 ఆంపియర్లు పంపితే, పోను రాను 20 మీటర్ల తీగలో 2.3 వోల్టులు పడిపోతాయి. 230లో అది లెక్కే కాదు. 48లో, బ్యాటరీ 43.2కు దిగినప్పుడు, పరికరానికి 41 లోపే అందుతుంది. చాలా పరికరాల కింది హద్దు 40 దగ్గరే. బ్యాటరీలో ఇంకా చార్జ్ ఉండగానే ఓఎల్‌టీ ఆరిపోతుంది, మీరు బ్యాటరీని తిడతారు. ర్యాక్‌ను ప్లాంటు పక్కనే పెట్టండి, 6 స్క్వేర్‌కు తగ్గకుండా వాడండి, బ్యాటరీ కేబుల్ 16 స్క్వేర్ వేయండి. బ్రేకర్లు డీసీకని రాసి ఉన్నవే కొనాలి. ఏసీ సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి బ్రేకర్ తెరిచినప్పుడు నిప్పురవ్వ తనే ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు, నిప్పు సాగుతుంది.

లగ్గులు (తీగ చివర తొడిగే లోహపు కొసలు) సుత్తితో కొట్టి బిగించేవాళ్లను పనికి పెట్టుకోవద్దు. సరైన క్రింపింగ్ టూల్, సరైన సైజు లగ్. వదులు కనెక్షన్‌లో కేవలం 5 మిల్లీఓమ్‌లున్నా 60 ఆంపియర్లు పోయినప్పుడు అక్కడే 18 వాట్ల వేడి పుడుతుంది, ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. నెల తర్వాత మళ్లీ వచ్చి ప్రతి నట్టూ ఒకసారి బిగించాలి, కొత్త లగ్గులు తప్పకుండా కొంచెం సర్దుకుంటాయి.

బ్యాటరీ దగ్గరికి వెళ్లే ముందు ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. 48 వోల్టులు షాక్ కొట్టదు కాబట్టి అందరూ నిర్లక్ష్యం చేస్తారు. 100 ఏహెచ్ బ్యాంక్ షార్ట్ అయితే వేయి ఆంపియర్లకు పైగా వస్తుంది. మాతో పనిచేసిన ఒక కుర్రాడి ఉంగరం స్పానర్‌కూ టెర్మినల్‌కూ మధ్య పడింది. ఆ వేలు మళ్లీ పూర్తిగా ముడవలేదు. స్పానర్‌కు పిడి చివర దాకా ఇన్సులేషన్ టేపు చుట్టండి, బ్యాటరీల మధ్య చివరి లింకు చివరికే కలపండి.

ఏ బ్యాటరీ అని అడిగితే: డబ్బు ఉంటే లిథియం ఫాస్ఫేట్. వేడిని సీసం కంటే మెరుగ్గా తట్టుకుంటుంది, బరువు తక్కువ. కానీ 15 సెల్లదా 16 సెల్లదా చూసుకుని రెక్టిఫయర్ వోల్టేజీ దానికి తగ్గట్టు సెట్ చేయాలి, సీసం సెట్టింగులతో నడపకూడదు. డబ్బు లేకపోతే 12 వోల్టుల వీఆర్‌ఎల్‌ఏలు (నీళ్లు పోయనక్కర్లేని మూసిన సీసం బ్యాటరీలు) నాలుగు, ఒకే కంపెనీ, ఒకే నెలలో తయారైనవి. మీ దగ్గరున్న ట్యూబులర్ ఇంటికే వాడుకోండి. దాని ఆవిరి పరికరాల గదిలో రాగిని పచ్చగా చేస్తుంది. పాతదీ కొత్తదీ, లిథియమూ సీసమూ ఎప్పుడూ ఒకే బస్‌బార్ మీద జతకట్టొద్దు. టవర్ బ్యాటరీలు చవగ్గా ఉన్నాయని ఎవరైనా బిల్లు లేకుండా తెస్తే ముట్టుకోవద్దు.

జనరేటర్ ఇప్పుడే అక్కర్లేదు. ఏసీ బోర్డులో ఒక చేంజోవర్ స్విచ్, బయట ఒక సాకెట్ పెట్టుకుంటే చాలు, తుపాను రోజున చిన్నది తెచ్చి కలుపుకోవచ్చు. మీటర్ మాత్రం వేరేది తీసుకోండి. ఇది వ్యాపారం, ఇంటి కేటగిరీ కనెక్షన్ మీద నడపకూడదు. మన కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్‌లో ఎల్‌టీ-2, అంటే గృహేతర కేటగిరీ కింద అర్జీ పెట్టండి.

అన్నీ బిగించాక కస్టమర్లకు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. మెయిన్ దించేసి, అసలు లోడు మీద బ్యాటరీని నాలుగు గంటలు నడపండి. ప్రతి అరగంటకూ ఒక్కో బ్యాటరీ వోల్టేజీ పుస్తకంలో రాయండి. నాలుగింట్లో ఒకటి మిగతా వాటికంటే ముందే దిగుతుంటే వారంటీలో ఆ వారమే మార్పించండి. ఆరు నెలలకోసారి ఇదే పరీక్ష. లో వోల్టేజీ కట్‌ను (బ్యాటరీ మరీ దిగకుండా లోడు ఆపేసే సెట్టింగ్‌ను) 44 దగ్గర పెట్టండి, 43.2 కంటే కిందికి మాత్రం వదలొద్దు. ఆ తర్వాత మిగిలేది కొద్ది నిమిషాలే, దానికోసం బ్యాటరీ సగం జీవితం పోతుంది.

ముందు గుంత తవ్వే చోట గడ్డపారతో నాలుగు అడుగులు దింపి చూడండి. రేగడా, మొరమా, రాయా ఏది తగిలిందో, ఎన్నో అడుగులో తగిలిందో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి ఎన్ని రాడ్లు కావాలో, స్ట్రిప్ ఎటు లాగాలో చెప్తాను. అప్పటిదాకా బ్యాటరీకి అడ్వాన్స్ ఇవ్వకండి.